నిత్యజీవితంలో ఒత్తిడి, ఆందోళన: శరీరానికి చేయవలసింది ఏమిటి, పరిస్థితికి చేయవలసింది ఏమిటి?

వడ్డేపల్లి వాసి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక రుణ సంస్థలో వసూళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. వయసు నలభై దాటింది. కొంతకాలంగా ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడుతోంది, అరచేతులకు చెమట పడుతోంది, నెలాఖరు వారంలో అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పినట్టు అవుతోంది. రాత్రి వేళకే పడుకున్నా మూడింటికి మెలకువ వచ్చి, తెల్లవారితే మేనేజరుతో మాట్లాడవలసిన మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి మనసులో తిరుగుతుంటాయి. గుండె జబ్బేమోనన్న బుగులుతో ఈసీజీ, రక్త పరీక్షలు, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయని, ఇది టెన్షన్ వల్లనేనని, రంది పెట్టుకోవద్దని డాక్టరు గారు చెప్పి పంపించారు. రంది పెట్టుకోకుండా ఉండడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఈ ఒత్తిడి శరీరంలో నిజంగా ఏం చేస్తుంది, దాన్ని ఇంట్లోనే ఎంతవరకు అదుపు చేసుకోవచ్చు, ఏ దశలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి అన్నవి నా ప్రశ్నలు. తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

విశ్రాంత అధ్యాపకుడు (హనుమకొండ)

తమ్ముడూ, కళాశాలలో చాలా ఏళ్లు మనస్తత్వశాస్త్రం చెప్పినవాడిగా మీ మొదటి ప్రశ్నకు నేను సమాధానం రాస్తాను. పరీక్షలన్నీ బాగున్నాయంటే మీ బాధ ఊహ అని అర్థం కాదు. అపాయం వచ్చిందని మెదడు భావించగానే, భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం నుంచి హైపోథలామస్‌కు సంకేతం వెళ్తుంది. అక్కడి నుంచి నాడుల ద్వారా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు ఆదేశం అంది, రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరగడం, చెమట పట్టడం, రక్తం జీర్ణాశయం నుంచి కండరాల వైపు మళ్లి ఆకలి చచ్చిపోవడం అన్నీ క్షణాల్లో జరిగిపోతాయి. ఆ వెనుకే కార్టిజాల్ అనే హార్మోను పెరిగి, రక్తంలో చక్కెరను పెంచి, శరీరాన్ని అదే స్థితిలో నిలిపి ఉంచుతుంది. పోరాడడానికో పారిపోవడానికో శరీరాన్ని సిద్ధం చేసే ఈ ఏర్పాటును అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ గత శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే వివరించారు. చలి అయినా, గాయమైనా, అతిశ్రమ అయినా ఎలుకల శరీరాలు దాదాపు ఒకే తీరున స్పందిస్తాయని, అది విరామం లేకుండా సాగితే అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, జీర్ణాశయంలో పుండ్లు పడతాయని హాన్స్ సెల్యే 1936లో ప్రకటించారు.

ఈ ఏర్పాటు కొద్ది నిమిషాల అపాయానికి సరిపోయేది. నెలాఖరు లక్ష్యం మాత్రం నెలంతా కళ్ల ముందే ఉంటుంది. మీరు దానితో పోరాడలేరు, దాన్నుంచి పరుగెత్తలేరు, కాబట్టి శరీరానికి పని అయిపోయిందన్న సంకేతం అందదు. ఆ సంకేతాన్ని మనం కావాలని ఇవ్వగలిగే దారుల్లో ఊపిరి ఒకటి. గాలి లోపలికి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకోవడం ఆరోగ్యవంతులందరిలో కనిపించేదే. అందువల్ల పీల్చే సమయం కన్నా వదిలే సమయాన్ని పెంచితే, శరీరాన్ని శాంతపరిచే వేగస్ నాడి పని బలపడుతుంది. మనసులో నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలండి. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. ఐదు నిమిషాలు చాలు. దడ వచ్చినప్పుడు మాత్రమే చేయాలనుకుంటే అది పట్టుబడదు. ప్రశాంతంగా ఉన్న వేళల్లోనే రోజూ అలవాటు చేసుకోవాలి.

ఇక మూడింటికి వచ్చే మెలకువ సంగతి. రాత్రి రెండో సగంలో నిద్ర సహజంగానే పలచబడుతుంది, తెల్లవారు జామున కార్టిజాల్ పెరగడం మొదలవుతుంది. కాబట్టి మెలకువ రావడం దోషం కాదు, వచ్చిన తరువాత గడియారం చూసి లెక్కలు వేయడమే మిగిలిన నిద్రను చెడగొడుతుంది. చాలాసేపు నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కిన తరువాతే తిరిగి పడుకోండి. మంచం ఆలోచనలకు అలవాటుపడిన చోటుగా మారకుండా చూసుకోవడమే దీని ఉద్దేశం.

పత్తిచేను (పరకాల వైపు)

సార్ చెప్పినది నేను కాదనడం లేదు. అయితే ఊపిరి ఎంత నెమ్మదిగా వదిలినా అప్పు తీరదన్న మాట కూడా ఈ చర్చలో ఉండాలని నా విన్నపం. పత్తి ఏరే రోజుల్లో వాన పడితే మా ఒత్తిడికి కారణం మెదడులో ఉండదు, మబ్బులో ఉంటుంది. తేమ పన్నెండు శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఉంటే తేమను బట్టి ధర తగ్గుతుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో బండి ఆపి వంతు కోసం కూర్చున్న మనిషికి గుండె దడ రావడం జబ్బు అవుతుందా, న్యాయం అవుతుందా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. మా బాధను మనసు బలహీనతగా చెప్పి ఊరుకుంటే, మద్దతు ధర, గిట్టుబాటు, పంట బీమా వంటివి మాట్లాడవలసిన వాళ్లు మాట్లాడకుండా తప్పించుకుంటారు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. అప్పు మనసులో ఉన్నంతకాలం దానికి హద్దు ఉండదు. అందువల్ల నేను ఎవరి దగ్గర ఎంత, ఏ మిత్తికి, ఏ నెలలో కట్టాలి అన్నదంతా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. బ్యాంకు పంట రుణం మూడు లక్షల వరకు ఏడు శాతానికి దొరుకుతుంది, గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో అది నాలుగు శాతానికి దిగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి చూసినప్పుడు ముందు ఏది తీర్చాలో, ఎరువుల దుకాణంలో అప్పు రాయించే ముందు ఏ ఆఫీసుకు వెళ్లాలో తేటగా కనిపించింది. అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు, కానీ రాత్రిళ్లు నిద్ర కొంత తిరిగి వచ్చింది. ఇంట్లో భార్యకు కూడా ఆ పుస్తకం చూపించాను. ఇంటివాళ్లకు తెలియకుండా మోసే అప్పు చేసే చేటు ఎక్కువ.

విశ్రాంత అధ్యాపకుడు (హనుమకొండ)

మీరు రాసింది ఈ చర్చకు చాలా అవసరం. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో ఇదే విషయాన్ని శాస్త్రీయంగా విడదీసి చెప్పారు: మన చేతిలో ఉన్న సమస్యను పరిష్కరించడానికి చేసే పని ఒకటి, ఆ సమస్య మనలో లేపే భావాన్ని సముదాయించడానికి చేసే పని మరొకటి. మార్చగలిగిన చోట మొదటిదే మేలు. వానను, తండ్రి జబ్బును, జరిగిపోయిన నష్టాన్ని మార్చలేం కాబట్టి అక్కడ రెండోదే దిక్కు. అప్పు లెక్క రాయకుండా ధ్యానం చేసేవాడికీ, మార్చలేని విషయాన్ని రాత్రంతా మథించేవాడికీ అలసటే మిగులుతుంది. మీ నోటుపుస్తకం మొదటి తరహా పని చేస్తూనే రెండో దానికీ ఉపకరించింది.

ప్రశ్న అడిగిన తమ్ముడికి దీనితో ముడిపడిన ఒక సాధన చెబుతాను. సాయంత్రం ఇంటికి చేరిన తరువాత, పడుకునే వేళకు బాగా ముందు, అరగంటను చింతించడానికే కేటాయించండి. ఆ అరగంటలో మనసుకు వచ్చిన ప్రతి చింతనూ కాగితం మీద రాసి, రేపు చేయగలిగిన పని ఏదైనా ఉంటే దాని పక్కనే రాయండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే, దాన్ని తరిమికొట్టకుండా, సాయంత్రం చూద్దామని వాయిదా వేయండి. ఆలోచించవద్దని మనసును ఆజ్ఞాపిస్తే అది మరింతగా ఆలోచిస్తుంది, వాయిదా వేస్తే వింటుంది. నిద్రలేమితో, ఆందోళనతో బాధపడేవారికి ప్రవర్తనా చికిత్స చేసే నిపుణులు ఈ సాధనను దశాబ్దాలుగా నేర్పుతున్నారు.

బొగ్గుబాయి కార్మికుడు (గోదావరిఖని)

నిద్ర విషయం వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాకు మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు మారుతూ ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి కాలనీ అంతా నిద్ర లేచి ఉంటుంది, శరీరం కూడా పగటి వెలుతురు చూసి లేచే వేళ అయిందనుకుంటుంది. నిద్ర చాలని వారంలో చిన్న మాటకే ఇంట్లో కోపం రావడం, బాయిలో పైకప్పు చప్పుడు వినగానే మామూలు కన్నా ఎక్కువ జంకడం నేను గమనించాను. అందువల్ల నా అభిప్రాయంలో ఆందోళనకు మందు వెతికే ముందు నిద్రను సరిచూసుకోవాలి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని డాక్టర్లు చెప్తారు.

కిటికీలకు మందపాటి నల్ల పరదాలు కట్టించడం, ఇంటికి వచ్చే దారిలోనే టీ మానేయడం, ఫోన్ వేరే గదిలో పెట్టడం నాకు మేలు చేశాయి. టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుందని మా దవాఖానలో చెప్పినప్పుడు నాకు నమ్మశక్యం కాలేదు, మానేసి చూసిన తరువాత నమ్మాను. తోటి కార్మికులు కొందరు నిద్ర కోసం మద్యం తాగుతారు. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రెండో సగంలో నిద్రను ముక్కలు చేసి, లేచేసరికి గుండె దడను, చిరాకును మిగులుస్తుంది. ఈ విషయాన్ని యూనియన్ సమావేశాల్లో కూడా మాట్లాడాలని నా కోరిక.

జనగామ పెద్దాయన

మా తరంలో ఇంతటి ఆందోళనలు కనిపించేవి కావు. పొద్దంతా ఒంటికి పని ఉండేది, సాయంత్రం అరుగు మీద నలుగురు కూర్చునేవారు, గుడిలో భజన ఉండేది, బతుకమ్మకు ఆడవాళ్లంతా తొమ్మిది రోజులు కలిసి ఆడేవారు. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లు చూసుకుంటున్నారు. పిల్లలకు మందుబిళ్లలు రాయించడం కన్నా, పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద గంట నడిపించి, సాయంత్రం మనుషుల మధ్య కూర్చోబెట్టడం మేలని నా నమ్మకం.

దవాఖాన సిస్టర్ (వరంగల్)

పెద్దాయనా, నడక గురించి, నలుగురితో కలవడం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. వారానికి కనీసం నూట యాభై నిమిషాలు చురుకుగా నడవడం వంటి వ్యాయామం పెద్దలందరికీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే అది పూర్తవుతుంది, దాని వల్ల ఆందోళన కూడా తగ్గుతుంది. అయితే ఆ రోజుల్లో ఈ బాధలు లేవన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. అప్పుడు గుండె దడతో పడిపోయిన ఆడమనిషిని గాలి సోకిందని, దయ్యం పట్టిందని మంత్రగాళ్ల దగ్గరికి తీసుకువెళ్లేవారు, మగవాడైతే కల్లు కాంపౌండులో కూర్చునేవాడు. బాధ ఉండేది, దవాఖాన దాకా వచ్చేది కాదు. నేను మానసిక చికిత్స విభాగంలో పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది రోగం ముదిరిన తరువాతనే, అదీ నలుగురికి తెలియకుండా వస్తారు. మందుబిళ్ల వద్దన్న పెద్దల మాట వల్ల ఆలస్యం చేసినవారు కూడా వారిలో ఉంటారు కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను, మన్నించండి.

ఇంటి పెద్దకోడలు (జగిత్యాల)

నమస్కారం అక్కా. మీరు దవాఖానలో పనిచేస్తారని రాశారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. మా ఆయన దుబాయిలో ఉంటారు. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టారు, ఇద్దరు పిల్లలు బడికి వెళ్తారు. అక్కడి సమయం మనకన్నా గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి ఆయన డ్యూటీ ముగించుకుని ఫోన్ చేసేసరికి మాకు రాత్రి అవుతుంది. ఒక్కరోజు ఫోన్ రాకపోతే కంపెనీలో ఏమైందో, సైటు మీద ఏమైందో అని చేతులు వణుకుతాయి. ఇక్కడ అందరూ ధ్యానం, నడక అని రాస్తున్నారు. అవన్నీ చేయడానికి నాకంటూ ఒక గంట ఉంటే సగం బాధ దానితోనే పోతుంది.

చెప్పుకుంటే ఆడవాళ్లకు ఇవన్నీ ఉండేవేనని అంటారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు నిద్ర కోసం ఒక చిన్న మాత్ర ఇచ్చారు. మొదట సగం వేసుకుంటే సరిపోయేది, ఇప్పుడు ఒకటి వేసుకున్నా సరిపోవడం లేదు, వేసుకోని రోజు దడ ఎక్కువవుతోంది. దాన్ని వాడుతూ ఉండవచ్చునా?

దవాఖాన సిస్టర్ (వరంగల్)

చెల్లె, మంచి ప్రశ్న అడిగావు. ఆ మాత్ర స్ట్రిప్పు మీద పేరు చూడు. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, డయజెపాం అని ఉంటే అవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మందులు. అవి త్వరగా పనిచేస్తాయి కాబట్టి తీవ్రమైన బాధలో కొద్ది రోజుల కోసం డాక్టర్లు రాస్తారు. వారాల తరబడి రోజూ వాడితే శరీరం వాటికి అలవాటుపడి, మోతాదు పెంచితే తప్ప పనిచేయని స్థితి, మానితే మొదటి కన్నా ఎక్కువ ఆందోళన వచ్చే స్థితి ఏర్పడతాయి. నీకు ఇప్పుడు జరుగుతున్నది అదే కావచ్చు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. ఆల్ప్రజోలం వంటివి షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్న మందులు. అర్హుడైన డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, మెడికల్ షాపువారు ఆ అమ్మకాన్ని వేరే రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి.

ముఖ్యమైన మాట: ఈ చర్చ చదివి ఆ మాత్రను ఒక్కసారిగా మానవద్దు. అకస్మాత్తుగా మానితే వణుకు, నిద్రలేమి, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. మానసిక వైద్యుల పర్యవేక్షణలో మోతాదును కొంచెం కొంచెంగా, వారాల మీద తగ్గించాలి. మన ప్రాంతంలో ఈ సంగతి ఎంత తీవ్రమో కల్తీ కల్లు చూపిస్తుంది. తాటి, ఈత కల్లులో డయజెపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన చోట్ల, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే, రోజూ తాగేవారు వణుకుతో, మతిభ్రమతో, ఫిట్స్‌తో దవాఖానలకు వచ్చారు. తాము తాగే కల్లులో మత్తుమందు ఉందని కూడా వారికి తెలియదు. ఇంట్లో ఎవరైనా రోజూ కల్లు తాగుతూ, ఒక పూట మానితే వణుకుతుంటే, అది కేవలం అలవాటు అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇక నీ బాధకు మాత్ర ఒక్కటే మందు కాదన్నది నువ్వే రాశావు. నీకు కావలసింది ఆ గంట. ఆడబిడ్డలనో, మరుదులనో పిలిచి, వారంలో రెండు పూటలు అత్తమ్మ దగ్గర వాళ్లు ఉండాలని మర్యాదగానే, స్పష్టంగా అడుగు. అడగకపోతే నీకు సాగుతోందనే అందరూ అనుకుంటారు. మీ ఆయనతో కూడా ఫోన్ కుదరని రోజున ఒక్క చిన్న వాయిస్ మెసేజ్ అయినా పెట్టాలని ఒప్పందం చేసుకో.

కాజీపేట విద్యార్థి

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను, రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటాను. వారాంతపు పరీక్షలో పేపరు చేతికి రాగానే చదివినదంతా మాయమైనట్టు అవుతుంది, ఊపిరి అందదు. గంట తరువాత అన్నీ గుర్తుకు వస్తాయి. ర్యాంకు తగ్గితే సెక్షన్ మారుస్తారు, ఆ సంగతి ఇంటికి మెసేజ్ వెళ్తుంది. ఇంట్లో వాళ్లు నన్ను తిట్టరు, కానీ నాన్న ఫీజు కోసం భూమి కౌలుకు ఇచ్చారని నాకు తెలుసు. నాకు చదువు రాదేమోనని బుగులుగా ఉంటోంది.

విశ్రాంత అధ్యాపకుడు (హనుమకొండ)

బిడ్డా, గంట తరువాత అన్నీ గుర్తుకు వస్తున్నాయంటే చదువు నీలో ఉన్నట్టే. భయం హెచ్చినప్పుడు మెదడులో ఆలోచనను నడిపే ముందు భాగం పని కొంతసేపు మందగిస్తుంది, అది దిగగానే జ్ఞాపకం తిరిగి వస్తుంది. పేపరు అందగానే రాయడం మొదలుపెట్టకు. పాదాలు రెండూ నేలకు ఆనించి, పైన చెప్పిన ఊపిరి ఓ పదిసార్లు తీసుకుని, అన్నింటికన్నా తేలికగా కనిపించిన ప్రశ్నతో ఆరంభించు. గదిలో కూడా గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి, పరీక్ష మాదిరిగానే రాసి చూసుకో. చదివిందే మళ్లీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల జ్ఞాపకం గట్టిపడుతుంది, పరీక్ష వాతావరణం కూడా శరీరానికి కొత్తగా ఉండదు.

రెండో మాట, నాన్న భూమి గురించి నీలో ఉన్నదంతా ఆయనతోనే చెప్పు. నీ ర్యాంకు కన్నా నువ్వు ఆయనకు ముఖ్యమన్న మాట ఆయన నోట వినడం నీకు అవసరం. ఈ చర్చ చదువుతున్న తల్లిదండ్రులకు కూడా నా విన్నపం ఒకటే. ఆదివారం ఫోన్లో మార్కుల సంగతి అడిగే ముందు తిన్నావా, పడుకున్నావా అని అడగండి, సమాధానం చివరిదాకా వినండి. బిడ్డా, ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే వార్డెనుకో, ఇంటికో, సిస్టర్ గారు చెప్పబోయే నంబరుకో ఫోన్ చేయాలి. దాచుకోకూడదు.

దవాఖాన సిస్టర్ (వరంగల్)

ఆ నంబరు 14416. టెలి మానస్ పేరుతో కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరులో ప్రారంభించిన సేవ ఇది. డబ్బు పడదు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అవసరమైతే అక్కడి కౌన్సెలర్లు మానసిక వైద్యులకు కలుపుతారు. విద్యార్థులకు, చంటిపిల్లల తల్లులకు, బయటికి రాలేని ఇంటివారికి ఇది చాలా ఉపయోగం.

చర్చ మొదలుపెట్టిన తమ్ముడి మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఆందోళన చాలా రోజులు దాదాపు రోజంతా ఉంటూ, నిద్రను, తిండిని, పనిని, ఇంట్లో వాళ్లతో మాటను చెడగొడుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లవలసిన సమయం వచ్చినట్టే. డాక్టర్లు ఏడు ప్రశ్నల చిన్న పత్రం ఒకటి వాడతారు. గడిచిన రెండు వారాల్లో ఎంత తరచుగా కంగారుపడ్డారు, చింతను ఆపుకోలేకపోయారు వంటివి అందులో ఉంటాయి. మొత్తం ఇరవై ఒకటికి పది గాని, అంతకన్నా ఎక్కువ గాని వస్తే వివరంగా పరీక్షించాలని భావిస్తారు. దానితోనే రోగం ఉందని తేల్చరు. కొందరికి అకస్మాత్తుగా గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతున్నానన్న భయం కలిసి వచ్చి, పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి మెల్లగా దిగిపోతాయి. దీన్ని పానిక్ అటాక్ అంటారు. అది ప్రాణం తీయదు. కానీ మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పిని, అందులోనూ ఎడమ చేతికో దవడకో పాకే నొప్పిని, టెన్షనే అని ఇంట్లో తేల్చుకోకండి. ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి. ఈ తమ్ముడు ఆ పని సరిగ్గానే చేశారు.

మానసిక వైద్యులు రాసే మందులన్నీ మత్తుమందులు కావు. ఆందోళనకు ఎక్కువగా వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు అలవాటు చేసే స్వభావం ఉన్నవి కావు, అయితే పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కొంచెం వికారం, కంగారు ఎక్కువైనట్టు అనిపించి చాలామంది అక్కడే మానేస్తారు. అలాంటప్పుడు మానకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. మందులతో పాటు, కొందరికి మందులు లేకుండానే, ఆలోచనలనూ ప్రవర్తననూ సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుంది.

వరంగల్‌లో ఎంజీఎం దవాఖానలో మానసిక విభాగం ఉంది, ప్రభుత్వ జిల్లా దవాఖానల్లోనూ అడగండి. హైదరాబాదులో ఎర్రగడ్డ దవాఖాన ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆరోగ్య బీమా సంస్థలు శరీర రోగాలకు వర్తింపజేసిన పద్ధతిలోనే మానసిక చికిత్సకూ బీమా కల్పించాలి. అదే చట్టం, ప్రాణం తీసుకోబోయినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. పోలీసు కేసు భయంతో ఎవరూ చికిత్సను దాచవలసిన పని లేదు.

రోజూ రైలు ప్రయాణికుడు (కాజీపేట)

వడ్డేపల్లి అన్నా, మీ ఫోన్ సంగతి గురించి ఒక్క మాట. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రైల్లో వెళ్లివస్తాను. ఇదే బాధతో నేను కౌన్సెలరును కలిసినప్పుడు ఆయన చెప్పింది ఏమిటంటే, భయం వేసిన ప్రతిసారీ ఫోన్ ఎత్తకుండా తప్పించుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, కానీ ఫోన్ నిజంగానే అపాయమని మెదడు మరింత నమ్ముతుంది. అందుకే ముందుగా తేలికైన కాల్స్‌ను తొలి మోతకే ఎత్తడం, తరువాత కష్టమైనవాటిని ఎత్తడం, దడ ఉన్నా మాట పూర్తయ్యేదాకా నిలబడడం మెట్లుమెట్లుగా చేయించారు. మాటిమాటికీ నాడి చూసుకోవడం, లక్షణాలను గూగుల్లో వెతకడం కూడా తప్పించుకోవడం లాంటివేనని, వాటినీ తగ్గించమని చెప్పారు. ఆఫీసు కాల్స్‌కు వేరే రింగ్‌టోన్ పెట్టుకుంటే ఇంటివాళ్ల ఫోన్ మోగినప్పుడు ఉలిక్కిపడే బాధ తప్పుతుంది.

వడ్డేపల్లి వాసి (హనుమకొండ)

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పరకాల అన్న రాసింది చదివినప్పుడు, నేను ఫోన్ చేసే రైతుల ఇళ్లలో కూడా ఇదే దడ ఉంటుందన్న సంగతి మనసుకు తగిలింది. నెలాఖరు దాకా కాల్స్‌ను పేర్చిపెట్టకుండా నెల మొదటి వారంలోనే మొదలుపెట్టి, వాయిదాలు సర్దుకునే అవకాశం ఉన్నవారికి ముందే చెప్పేందుకు అనుమతి ఇవ్వమని మేనేజరును అడగాలనుకుంటున్నాను. రాత్రి ఎనిమిది తరువాత ఆఫీసు గ్రూపు చూడనని కూడా ఆయనకు చెబుతాను. సాయంత్రం అరగంట కాగితం, ఊపిరి సాధన ఇవాళే మొదలుపెడతాను. బాధ నెలల తరబడి సాగుతోంది కాబట్టి సోమవారం మానసిక విభాగం ఓపీకి వెళ్తాను. సిస్టర్ గారూ, అక్కడ ఏం చెప్పాలో, ఏం తీసుకువెళ్లాలో తెలియజేయగలరా?

దవాఖాన సిస్టర్ (వరంగల్)

ఆధార్ కార్డు, పాత ఈసీజీ, రక్త పరీక్షల కాగితాలు తీసుకువెళ్లండి. ఓపీ చీటీ ఉదయమే తీసుకుంటే వంతు త్వరగా వస్తుంది. బాధ ఎప్పుడు మొదలైంది, వారంలో ఎన్ని రోజులు వస్తోంది, ఎన్ని గంటలు నిద్ర పడుతోంది, టీ, కాఫీ, సిగరెట్, మందు ఎంత, ఇప్పటికే వాడుతున్న మాత్రలు ఏవి, ఇంట్లో మరెవరికైనా ఇలాంటి బాధ ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుంటే డాక్టరు ముందు ఏదీ మరచిపోరు. మందు తాగే సంగతి దాచవద్దు, రాసే మాత్ర దాన్ని బట్టి మారుతుంది. వీలైతే ఇంట్లో ఒకరిని వెంట తీసుకువెళ్లండి. మీకు తెలియకుండా మీలో వచ్చిన మార్పులు వాళ్లకు కనిపించి ఉంటాయి. జగిత్యాల చెల్లె కూడా ఆ మాత్ర స్ట్రిప్పును పారేయకుండా వెంట తీసుకుని మీ జిల్లా దవాఖానకు వెళ్లాలి. అంతవరకు ఏ అనుమానం వచ్చినా 14416కు ఫోన్ చేయి.